నిలువు బలమా, అడ్డ బలమా: ముద్రించిన టైటానియంలో ఏ పద్ధతి ఎవరికి?

లోహపు పొడిని పొరలు పొరలుగా కరిగించి పేర్చే ఒకే 3డీ ముద్రణ యంత్రంలో, ఒకే టైటానియం పొడితో, ఒకే రోజు ముద్రించిన రెండు నమూనా కడ్డీలు. ఒకదాన్ని పళ్లెం మీద పడుకోబెట్టి ముద్రించారు, రెండోదాన్ని నిలబెట్టి. లాగి చూస్తే పడుకున్న కడ్డీ మెడ దగ్గర సన్నబడి, నిదానంగా సాగి తెగింది. నిలబడిన కడ్డీ మెడ సన్నబడకుండానే టప్పున విరిగింది. తన్యబలం (లాగితే తెగకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే) అంకెలు మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. కొన్నేళ్ల క్రితం ఒక బ్రాకెట్ పని కోసం తెప్పించిన నమూనాలివి. సరఫరాదారు పంపిన ధ్రువపత్రంలో పడుకున్న కడ్డీ ఫలితాలే ఉన్నాయి. నిలువు కడ్డీలు కూడా కావాలని పట్టుబట్టి, మేమే లాగించి చూడబట్టి తెలిసింది.

విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాం. చపాతీలా పల్చగా పరుచుకున్న గుంట ఒకటి కనిపించింది. దాని అడుగున కరగని పొడి గుండ్లు, సాలెపురుగు గుడ్ల మాదిరి, గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. పై పొర ఆ మేరకు కింది పొరకు అతుక్కోనే లేదు.

ఆ దెబ్బతో ‘ముద్రించిన టైటానియంలో నిలువు దిశే బలహీనం’ అని మనసులో ఒక సూత్రం రాసుకున్నాను. తరువాత తీగను కరిగించి పేర్చిన పెద్ద భాగం ఒకటి చేతికి వచ్చింది. అక్కడ నిలువు కడ్డీలు చక్కగా సాగాయి, అడ్డం కడ్డీలు ముందే తెగాయి. నా సూత్రం తలకిందులైంది. బలహీన దిశ ఏదన్నది లోహం పేరులో లేదు, దాన్ని పేర్చిన పద్ధతిలో, ఆపైన కాల్చిన తీరులో ఉంది. ఎంపికకు ముందు తెలుసుకోవాల్సింది అదే.

ఇక్కడ చెప్పేదంతా టైటానియం 6-4 గురించి. అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం కలిసిన మిశ్రమం. విమాన భాగాల్లోనైనా, తుంటి ఎముక ఇంప్లాంట్లలోనైనా ఎక్కువగా ముద్రిస్తున్నది దీన్నే.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

యంత్రాల ధరలు, కేటలాగులు తెరిచే ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి.

ఒకటి, భాగం మీద లాగే బలం ఏ దిశలో వస్తుంది? ఒకే దిశలోనా, అన్ని వైపుల నుంచీనా? రెండు, విరగడానికి కారణం ఏదవుతుంది: ఒక్కసారిగా పడే భారమా, లక్షల సార్లు పడే చిన్న భారమా? మూడు, భాగం ఎంత పెద్దది, గోడలు ఎంత మందం? నాలుగు, ముద్రించాక వేడిమి శుద్ధికి, హిప్‌కు (వేడి, పీడనం కలిపి నొక్కే ప్రక్రియ), మర పనికి డబ్బు, సమయం ఉన్నాయా?

రెండో ప్రశ్నను చాలామంది దాటేస్తారు. డేటాషీటులో మొదటి వరుసలో తన్యబలం ఉంటుంది, కళ్లు అక్కడే ఆగిపోతాయి. కానీ దిశను బట్టి వచ్చే తేడా తన్యబలంలో తరచూ నాలుగైదు శాతం మించదు. అసలు తేడా సాగుదలలోను, ఫెటీగ్‌లోను, అంటే చిన్న భారం లక్షల సార్లు పడి విరగడంలోను, బయటపడుతుంది. నా రెండు కడ్డీల కథ అదే. బలం అంకె చూసి ఎంపిక చేసేవారికి దిశాభేదం ఉన్నట్టే తెలియదు.

## దిశ ఎక్కడి నుంచి వస్తుంది

టైటానియం 6-4 దాదాపు 1650 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చల్లబడుతూ గట్టిపడేటప్పుడు మొదట బీటా అనే స్ఫటిక రూపం వస్తుంది. సుమారు 995 డిగ్రీల కిందికి వచ్చాక అందులో చాలా భాగం ఆల్ఫాగా మారుతుంది. ఈ రెండు మెట్లూ దిశను మిగిల్చిపోతాయి.

మొదటి మెట్టు చూద్దాం. కరిగిన మడుగు నుంచి వేడి కిందికి, అప్పటికే గట్టిపడిన పొరలోకి పోతుంది. బీటా గ్రెయిన్లు (లోహంలోని స్ఫటిక రేణువులు) వేడి పోయే దారికి ఎదురు, అంటే పైకి పెరుగుతాయి. కొత్త పొర పడినప్పుడు కింది గ్రెయిన్ పైభాగం మళ్లీ కాస్త కరిగి, అదే గ్రెయిన్ పైకి కొనసాగుతుంది. మధ్యలో కొత్త గ్రెయిన్లు పుట్టి అడ్డుపడవచ్చు గదా అంటే, ఈ మిశ్రమంలో ఆ అవకాశం తక్కువ. అల్యూమినియం, వనేడియం రెండూ ఘన, ద్రవ రూపాల మధ్య దాదాపు సమానంగా పంచుకుపోతాయి. గట్టిపడే అంచు ముందు కొత్త గ్రెయిన్లు మొలకెత్తేంత అతిశీతల ద్రవం మిగలదు. దాంతో పొరలను దాటుకుంటూ వెదురు పొదలా నిలువు స్తంభాలు లేస్తాయి. మెరుగుపెట్టిన ముక్కను క్రోల్ ద్రావణంలో (లోహం పైపొరను తినే ఆమ్లం) కొన్ని సెకన్లు ముంచి తీస్తే, తీగతో పేర్చిన భాగంలో ఈ స్తంభాలు మైక్రోస్కోపు లేకుండా ఉత్త కంటికే కనిపిస్తాయి.

రెండో మెట్టులో ఒక్కో బీటా స్తంభం లోపల ఆల్ఫా 12 రకాల దిశల్లో ఏర్పడగలదు. ఆ 12 కలిసిపోతే బీటా మిగిల్చిన దిశ చాలావరకు పలచబడుతుంది. బలంలో తేడా తక్కువగా ఉండడానికి ఇదే పెద్ద కారణం. కానీ నిదానంగా చల్లబడితే స్తంభాల సరిహద్దుల వెంట ఒక పల్చని ఆల్ఫా పొర అల్లుకుంటుంది. వెదురును అడ్డంగా నరకడం కష్టం, నిలువునా చీల్చడం తేలిక. స్తంభాలను పక్కలకు లాగితే ఈ సరిహద్దు పొర నోరు తెరిచి, పగులు దాని వెంటే పరుగెత్తుతుంది. నిలువుగా లాగినప్పుడు సరిహద్దులు లాగే దిశకు సమాంతరంగా ఉంటాయి కాబట్టి అవి అంతగా తెరుచుకోవు.

మూడోది గ్రెయిన్ల సంగతి కాదు, లోపాల సంగతి. పొరలు సరిగా అతుక్కోని చోట మిగిలే గుంటలు చదునుగా, పొర వెంట పడుకుని ఉంటాయి. నిలువుగా లాగితే వాటి అంచులు సూదుల్లా పనిచేస్తాయి. అడ్డంగా లాగితే ఆ గుంట పక్కనుంచి భారం సాగిపోతుంది. మితిమీరిన శక్తితో కరిగించినప్పుడు వచ్చే గుండ్రటి బుడగలకు ఈ దిశ పట్టింపు లేదు.

కాబట్టి స్తంభాల సరిహద్దులు అడ్డం దిశను బలహీనపరుస్తాయి, చదును గుంటలు నిలువు దిశను. మీ భాగంలో ఏది పైచేయి అన్నదే ఎంపికకు కీలకం.

## ఒక్కో పద్ధతి

లేజరు-పొడి అంటే పొడి పొరను లేజరుతో కరిగించడం, ఎలక్ట్రాన్ పుంజం అంటే అదే పనిని ఎలక్ట్రాన్లతో చేయడం, తీగ-ఆర్క్ అంటే విద్యుత్ ఆర్క్‌తో తీగను కరిగించి పేర్చడం. ఫోర్జింగ్ అంటే వేడి లోహాన్ని సాగగొట్టి ఆకారం తేవడం, ఎనీల్ అంటే వేడిచేసి చల్లార్చి మెత్తబరచడం. మార్టెన్‌సైట్ అంటే చాలా వేగంగా చల్లబడితే వచ్చే గట్టి నిర్మాణం. అంకెలు ముద్రించిన స్థితికి చెందినవి, సాధారణంగా కనిపించే పరిధులు. యంత్రం, సెట్టింగులు మారితే ఇవీ మారతాయి.

| | లేజరు-పొడి | ఎలక్ట్రాన్ పుంజం | తీగ-ఆర్క్ | ఫోర్జింగ్ (ఎనీల్ చేసినది) |
|---|---|---|---|---|
| పొర మందం | 30–60 మైక్రాన్లు | 50–90 మైక్రాన్లు | 1–2 మి.మీ. | పొరలు లేవు |
| ఏర్పడే నిర్మాణం | మార్టెన్‌సైట్ సూదులు | సన్నని ఆల్ఫా-బీటా పలకలు | ముతక పలకలు, సరిహద్దు ఆల్ఫా | గుండ్రటి ఆల్ఫా, మధ్య మధ్య బీటా |
| తన్యబలం, మెగాపాస్కల్ | 1100–1250 | 920–1020 | 850–950 | 900–1000 |
| సాగుదల, శాతం | 5–10 | 10–15 | అడ్డం 6–9, నిలువు 10–15 | 10–15 |
| అనుమానించాల్సిన దిశ | నిలువు | నిలువు, కొద్దిగా | అడ్డం | సాగగొట్టిన దిశకు అడ్డం |

లేజరు-పొడి. సన్నని గోడలు, లోపలి కాలువలు, జల్లెడలాంటి నిర్మాణాలు కావాలంటే దీనికి సాటి లేదు. మడుగు వెంట్రుక మందాన్ని కాస్త మించి ఉంటుంది, క్షణంలో గడ్డకడుతుంది. సెకనుకు 410 డిగ్రీలకన్నా వేగంగా చల్లబడితే ఈ మిశ్రమం మార్టెన్‌సైట్‌గా మారుతుంది. ఇక్కడి వేగం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే బలం ఎక్కువ, సాగుదల తక్కువ. స్తంభాలున్నా, వాటి సరిహద్దు వెంట ఆల్ఫా అల్లుకోవడానికి సమయమే ఉండదు. దిశాభేదం అంటూ కనిపిస్తే దాన్ని ముందు గుంటల ఖాతాలో, లోపల దాగిన ఒత్తిళ్ల ఖాతాలో వేయాలి. సెట్టింగులు బాగా కుదిరి, సాంద్రత నిండుగా ఉంటే నిలువు కడ్డీ అడ్డం కడ్డీతో సమానంగానే సాగుతుంది, కొన్నిసార్లు ఎక్కువగా కూడా. అంటే ఇక్కడ నిలువు సాగుదల అంకె లోహం స్వభావం చెప్పదు, యంత్రం నడిపినవారి పనితనం చెబుతుంది. సరఫరాదారును అంచనా వేయడానికి నాకు తెలిసిన అతి చవకైన పరీక్ష ఇదే.

ఎలక్ట్రాన్ పుంజం. శూన్యంలో, పొడిని 600–750 డిగ్రీల దగ్గర ఉంచి ముద్రిస్తారు. భాగం తయారవుతూనే ఎనీల్ అవుతున్నట్టు లెక్క. మార్టెన్‌సైట్ విడిపోయి సన్నని పలకలుగా మారుతుంది, లోపలి ఒత్తిళ్లు చాలా తక్కువ. భాగం పళ్లెం నుంచి కోయగానే వంకర తిరిగిపోయే బాధ లేదు. దిశాభేదం పరంగా మూడు ముద్రణ పద్ధతుల్లో ఇదే నిదానస్తురాలు. లోపం ఉపరితలంలో ఉంది: పొడి గింజలు ముతక, 45–105 మైక్రాన్లు, కాబట్టి చర్మం గరుకుగా వస్తుంది. ఎముక ఆ గరుకును పట్టుకుని పెరుగుతుంది కనుక ఇంప్లాంటు చేసేవారికి అది వరం. ఫెటీగ్ భారం మోసే భాగానికి అదే శాపం.

తీగ-ఆర్క్. గంటకు కిలో అటూఇటూ లోహం పేర్చగలదు. మీటరు పొడవున్న పక్కటెముకలాంటి విమాన భాగాన్ని దిమ్మె నుంచి చెక్కితే, కొన్న టైటానియంలో పదో వంతు మిగలడం కూడా వింత కాదు. ఆ వృథా తగ్గించడానికే ఈ పద్ధతి పుట్టింది. నార్వేకు చెందిన నార్స్క్ టైటానియం అనే సంస్థ తీగ, ప్లాస్మా ఆర్క్‌లతో పేర్చి చేసిన భాగాలకు 2017లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ అనుమతి దొరికింది. అవి బోయింగ్ 787లో వాడే నిర్మాణ భాగాలు.

దీని దిశాభేదం నిఖార్సైనది, గుంటల వల్ల వచ్చింది కాదు. స్తంభాలు మిల్లీమీటర్ల వెడల్పు, సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతాయి. చల్లబడే వేగం తక్కువ కాబట్టి సరిహద్దు ఆల్ఫా తెగకుండా అల్లుకుంటుంది. అడ్డం కడ్డీ బలంలో కాస్త ముందుంటుంది, సాగుదలలో సగానికి పడిపోతుంది. దీనికి మందు లేకపోలేదు. బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు ప్రతి పొర పడ్డాక రోలరుతో గట్టిగా నొక్కే పద్ధతిని అభివృద్ధి చేశారు. నొక్కుడు వల్ల లోహంలో నిల్వైన శక్తి తర్వాతి పొర వేడికి కొత్త గ్రెయిన్లను పుట్టిస్తుంది, స్తంభాలు విరిగిపోతాయి, రెండు దిశల అంకెలూ దగ్గరికొస్తాయి. అయితే రోలరు పట్టే ఆకారాలు పరిమితం. సూటి గోడలకు బాగుంటుంది, మెలికలు తిరిగిన భాగానికి కుదరదు.

అసలు ముద్రించకపోవడం. ఈ ఎంపికను పోలికల్లో చాలామంది మరిచిపోతారు. ఆకారం సులువైనదై, సంఖ్య ఎక్కువై, అన్ని దిశలా నమ్మకం కావాలంటే ఫోర్జింగే మేలు. హైదరాబాదులోని మిధాని టైటానియం మిశ్రమాల కడ్డీలు, ఫోర్జింగులు చేస్తోంది. మన దగ్గర ఈ దారి తెరిచే ఉంది. ఫోర్జింగుకూ దిశ ఉంటుంది, కానీ దాని గురించి డిజైనరుకు దశాబ్దాల అంకెలు చేతిలో ఉన్నాయి.

## యంత్రం కన్నా ముఖ్యమైన ఎంపిక: ముద్రించాక ఏం చేస్తారు

పద్ధతి ఎంచుకోవడంతో పని సగమే అయింది. ముద్రించిన భాగం కొలిమిలోకి వెళ్లాక పై పట్టికలో చాలా గళ్లు మారిపోతాయి.

650 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే లోపలి ఒత్తిళ్లు తగ్గుతాయి, అంతే. లేజరు-పొడి భాగానికి ఇది కనీస మర్యాద, అదీ పళ్లెం నుంచి కోయకముందే. 800 డిగ్రీల దగ్గర రెండు గంటలు, శూన్యంలో లేదా ఆర్గాన్‌లో ఉంచితే మార్టెన్‌సైట్ విడిపోతుంది. బలం 1000 మెగాపాస్కల్ పైనే నిలిచి, సాగుదల 10 శాతం దాటుతుంది. భారం స్థిరంగా ఉండే భాగాలకు ఇది చాలు.

హిప్ సంగతి వేరు. ఇక్కడ హిప్ అంటే తుంటి కాదు, వేడి, వాయు పీడనం కలిపి అన్ని వైపులా నొక్కే ప్రక్రియ. సాధారణంగా 920 డిగ్రీలు, 100 మెగాపాస్కల్ ఆర్గాన్, రెండు గంటలు. లోపల మూసుకుని ఉన్న గుంటలు అణిగి అతుక్కుపోతాయి. నిలువు దిశను చంపే చదును గుంటలకు ఇదే సరైన మందు. కానీ చాలామంది అనుకునేట్టు హిప్ అన్ని దిశలనూ సమానం చేయదు. 920 అన్నది 995కు కిందే ఉంది. బీటా స్తంభాలు ఎక్కడివక్కడే ఉంటాయి. గుంటల వల్ల వచ్చిన దిశాభేదం పోతుంది, స్తంభాల వల్ల వచ్చింది మిగులుతుంది. లేజరు-పొడి భాగానికి హిప్ బ్రహ్మాండంగా పనిచేసి, తీగ-ఆర్క్ భాగానికి దిశ విషయంలో పెద్దగా ఉపయోగపడకపోవడానికి కారణమిదే. ఇంకో రెండు పరిమితులు: ఉపరితలం దాకా తెరుచుకున్న గుంట మూసుకోదు, ఆర్గాన్ చిక్కిన బుడగ తర్వాత ఎక్కువ వేడి తగిలితే మళ్లీ ఉబ్బగలదు.

మరి 995 దాటి వేడి చేస్తే? స్తంభాలు చెరిగిపోయి, వాటి చోట పెద్ద పెద్ద గుండ్రటి బీటా గ్రెయిన్లు వస్తాయి. దిశ పోతుంది నిజమే. దాంతోపాటు బలమూ పోతుంది. చల్లబడేటప్పుడు కొత్త సరిహద్దుల వెంట మళ్లీ ఆల్ఫా అల్లుకుని సాగుదలను తినేస్తుంది. ఎలుకలు పడుతున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే. పగులు నిదానంగా పాకడం మాత్రమే ముఖ్యమైన అరుదైన భాగాలకు తప్ప నేను దీన్ని సూచించను.

కొత్త మిశ్రమాలతో స్తంభాలనే పుట్టనివ్వకుండా చేసే దారి కూడా ఉంది. మెల్‌బోర్న్‌లోని ఆర్‌ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో టైటానియానికి రాగి కలిపి, ముద్రించగానే సన్నని గుండ్రటి గ్రెయిన్లు వచ్చేట్టు చేసి చూపారు. రాగి గట్టిపడే అంచు ముందు పోగుపడి కొత్త గ్రెయిన్లకు చోటిస్తుంది. అల్యూమినియం, వనేడియం చేయలేని పని అది. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. రేపటి ఆర్డరుకు మాత్రం 6-4 మీదే ఆధారపడాలి.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

విమానం, రాకెట్టు, డ్రోన్ బ్రాకెట్ల డిజైనర్లకు: లేజరు-పొడి, దాని మీద హిప్, ఆపైన భారం పడే ముఖాలను మర మీద నునుపు చేయడం. ఈ మూడింటిలో ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే నునుపును మాత్రం వదలకండి. ముద్రించిన గరుకు చర్మాన్ని అలాగే వదిలేస్తే, నునుపు చేసిన దానితో పోల్చినప్పుడు ఫెటీగ్ బలం సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. హిప్ ఎంత బాగా చేసినా దాన్ని తిరిగి తేలేదు. భాగాన్ని పళ్లెం మీద ఎలా నిలబెట్టాలన్నది కూడా మీ చేతిలో ఉన్న ఎంపికే. ప్రధాన భారం పొరలను విడదీసేట్టు కాకుండా పొరల వెంట పారేట్టు పెట్టండి. అలా పడుకోబెడితే ఆధార స్తంభాలు, ఒత్తిళ్లు పెరుగుతాయి. నా మటుకు నేను చాలా బ్రాకెట్లను 45 డిగ్రీల ఏటవాలుతో సర్దుకున్నాను.

ఇంప్లాంటు తయారీదారులకు: గుల్ల నిర్మాణం ముతకదైతే ఎలక్ట్రాన్ పుంజం, సన్నదైతే లేజరు-పొడి. పొడిలో ఆక్సిజన్ 0.13 శాతం మించని ఈఎల్‌ఐ (ఆక్సిజన్‌లాంటి మలినాలు బాగా తక్కువగా ఉండే) రకం తీసుకోండి. పొడిని మళ్లీ మళ్లీ వాడేకొద్దీ ఆక్సిజన్ పెరుగుతుంది, సాగుదల తరుగుతుంది. అది అన్ని దిశల్లోనూ తరుగుతుంది కాబట్టి దిశల పోలికలో దొరకదు, విడిగా కొలవాలి.

పెద్ద నిర్మాణాలు చేసేవారికి తీగ-ఆర్క్ తప్ప లెక్క కుదరదు. రోలరు వీలైతే వాడండి. వీలుకాకపోతే డిజైనులో అడ్డం దిశ సాగుదలనే మూల అంకెగా పెట్టుకుని, నిలువు దిశలో మిగిలేదాన్ని ఉచితంగా వచ్చిందనుకోండి.

విద్యార్థులకు, చిన్న ప్రయోగశాలలకు: యంత్రం ఏది దొరికితే దాంతోనే పని, ఎంపిక కుదరదు. కాబట్టి డబ్బు నమూనా కడ్డీల మీద పెట్టండి. దిశకు మూడు చొప్పున నిలువు, అడ్డం, ఏటవాలు.

## ఆర్డరులో రాయాల్సినవి

ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం రూపొందించిన ఎఫ్2924 ప్రమాణం పొడితో ముద్రించిన 6-4కు కనీసం 895 మెగాపాస్కల్ తన్యబలం, 825 ఈల్డ్ బలం (శాశ్వతంగా సాగడం మొదలయ్యే బలం), 10 శాతం సాగుదల అడుగుతుంది, నిలువుకూ అడ్డానికీ అవే అంకెలు. ‘ఎఫ్2924 ప్రకారం’ అని రాసి ఊరుకుంటే ధ్రువపత్రంలో మీకు కనిపించేది సరఫరాదారుకు తోచిన దిశ కావచ్చు. నా బ్రాకెట్ అలాగే వచ్చింది.

అందుకే ఇప్పుడు ఆర్డరులో ఇలా రాస్తున్నాను: నమూనా కడ్డీలు భాగం ముద్రించిన అదే పళ్లెం మీద, అదే సమయంలో ముద్రించాలి. నిలువు కడ్డీలు పళ్లెం నాలుగు మూలలా, మధ్యలోనూ ఉండాలి. భాగానికి ఏ వేడిమి శుద్ధి జరిగిందో కడ్డీలకూ అదే జరగాలి. ఫలితాల్లో దిశ పేరు, సాగుదల అంకె విడివిడిగా కనిపించాలి, సగటు కాకుండా ఒక్కో కడ్డీది. విరిగిన ముక్కలను పారేయకుండా, ముఖాలు ఒకదానికొకటి రుద్దుకోకుండా, వేర్వేరు సంచుల్లో పెట్టి పంపాలి.